అద్దం ముందు ‘ర’

నానక్‌రామ్‌గూడ
8 జూన్ 2025, ఆదివారం

కనకక్కకు వసంత రాసేది,

నేనూ ఆయనా బాగానే ఉన్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. వండుకుంటున్నాం, పనికి పోతున్నాం. ఆయనకు కోకాపేటలో కొత్త టవర్ దగ్గర సెక్యూరిటీ డ్యూటీ వేశారు. నలభై అంతస్తులంట. “పైకి చూస్తే టోపీ కింద పడుతుందే” అన్నాడు మొన్న. మన పిల్లవాడు సాయిచంద్ పోయాక ఆయన నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు. నేను నవ్వలేదు. బువ్వ తిన్నాక, నవ్వాల్సింది కదా అనుకున్నాను.

ఆదివారం ఫోన్ చేస్తే వర్షిత నీ పక్కనే ఉంటుంది. దాని ముందర మన మాటలు మాట్లాడలేం. నేను ఏడిస్తే అది బిత్తరపోతుంది. అందుకే నువ్వన్నట్టు ఉత్తరం రాస్తున్నాను. ఏడో తరగతి చదువు నాది, తప్పులుంటే తేజస్వినిని సర్దుకుని చదవమను.

ఫిబ్రవరి నుంచి చేస్తున్న పని గురించి అడిగావు. గచ్చిబౌలిలో బేకరీ మీద రెండో అంతస్తు. మాటలు నేర్పే సెంటర్. ఊడుస్తాను, బొమ్మలు కడుగుతాను, పిల్లల చెప్పులు సర్దుతాను. మాటే రాని పిల్లలు, నత్తి పిల్లలు, ఒక్క అక్షరం పలకని పిల్లలు వస్తారు. ‘ర’ పలకనివాళ్ళే ఎక్కువ. సరిత మేడంది తెనాలి వైపు. చిన్నపిల్లలను కూడా “ఏమండీ బాబుగారూ, నాలుక ఎక్కడ పెట్టారండీ” అని పిలుస్తుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతారు.

ఆరేళ్ళ బాబు ఒకడు వస్తాడు. రైలును లైలు అంటాడు. వాళ్ళ అమ్మకు ఇంగ్లీషు ర కావాలి, నాయనమ్మకు తెలుగు ర కావాలి. ఇద్దరూ బయట కుర్చీల్లో అటు మొఖం ఒకరు ఇటు మొఖం ఒకరు. ఇంగ్లీషు ర అంటే నాలుక నోట్లో ఎక్కడా తగలదంట, మన ర అయితే పైన తట్టి దిగుతుందంట. “రెండూ నేర్పుతానండీ, ముందు నాలుకను లేవనివ్వండి” అన్నది మేడం. వాడు పలుకుతుంటే అద్దం పట్టుకునేది నేనే. ఊపిరికి అద్దం మసకబారితే కొంగుతో తుడుస్తాను. అక్కడ కూర్చుంటే నాకు పొద్దు తెలియదు.

నేను మంచం దిగలేని రోజుల్లో నువ్వు వచ్చి వర్షితను తీసుకుపోయావు. ఇప్పుడు దిగాను. అయినా ఇంకొన్నాళ్ళు నీ దగ్గరే ఉండనీ. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఆరు రోజుల జ్వరానికి పోయిన ఇంట్లో ఇంకో పిల్లకు అన్నం పెట్టాలంటే నాకు చెయ్యి ఆడదు.

బడి తెరిచేలోపు రెండో తరగతి పుస్తకాలకు అట్టలు వేయించు. బావను అడిగానని చెప్పు.

నీ వెనక పుట్టిన
వసంత

*

చేర్యాల దగ్గర, మన ఊరు
29 జూన్ 2025

చిన్నమ్మా,

నేను తేజస్విని. అమ్మ చెబుతుంటే రాస్తున్నాను. మధ్యలో పిండి తినడానికి వచ్చిన గొర్రెపిల్లను తిట్టింది, అవి రాయడం లేదు. ఇక అమ్మ మాటలు:

వసంతా, నీ ఉత్తరం తేజస్విని రెండుసార్లు చదివింది. రెండోసారి మీ బావ కూడా వచ్చి గడపలో కూర్చుని విన్నాడు. మరిది నవ్వించాలని చూస్తే నవ్వు. ఆయనకూ కొడుకే కదా.

నీతో ఒక మాట చెప్పాలి. బడికి కొత్త తెలుగు సార్ వచ్చాడు. పొద్దున ప్రార్థన దగ్గర రోజుకొక పిల్ల ముందుకొచ్చి ప్రతిజ్ఞ చెప్పాలి. మన వర్షిత వంతు వచ్చింది. దానికి ర పలకదు కదా, ర వచ్చిన కాడల్లా ల అన్నది. పిల్లలంతా నవ్వారు. సార్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడంట. ఆ రోజు నుంచి దాన్ని ‘లలమ్మ’ అని పిలుస్తున్నారు. ఇప్పుడు హాజరు పిలిస్తే పలకడం లేదు, చెయ్యి ఎత్తి ఊరుకుంటుంది. నేను బడికి పోయి అడిగితే సార్ “పాపకు ఏమన్న సమస్యనా” అన్నాడు. “సమస్య నీ పిల్లలదే, నవ్వేటోళ్ళది” అని వచ్చాను. అట్ల అనొద్దుండె అని తర్వాత అనిపించింది.

నువ్వు సరిగ్గా ఆ పని చేసే చోటనే ఉన్నావు. మీ మేడంను అడిగి ఎలా నేర్పాలో రాసి పంపు. తేజస్విని కూర్చోబెట్టి నేర్పుతుంది. మీ బావను “ఏం చేద్దాం” అంటే “వసంతనే అడుగు” అని కర్ర పట్టుకుని మంద దగ్గరికి పోయాడు. ఏ మాటకూ ఇంత తొందరగా లేచిపోయే మనిషి కాదు.

వర్షిత బాగా తింటుంది. ఇంట్లో దాని నోరు మూతపడదు. బడిలోనే.

జవాబు తొందరగా పంపు.
కనకమ్మ

*

నానక్‌రామ్‌గూడ
6 జూలై 2025

అక్కా,

ఉత్తరం అందింది. పిల్లలు నవ్వారన్న చోట ఉత్తరం మడిచి, మళ్ళీ తెరిచి చదివాను.

మేడంను అడిగాను. ఎనిమిదేళ్ళు నిండేదాకా ముట్టుకోవద్దు అన్నది. ముందే బలవంతం చేస్తే నత్తి వస్తుందంట. దానంతట అదే వస్తుందంట. కాబట్టి తేజస్వినిని ఏమీ నేర్పవద్దని చెప్పు. సార్‌కు కూడా ఇదే చెప్పు, హైదరాబాద్‌లో పెద్ద మేడం చెప్పిందని చెప్పు. వింటాడు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. షేర్ ఆటోలో నలుగురి మీద నలుగురు. ఐటీ పిల్ల ఒకతి నా ఒళ్ళో తన బ్యాగు పెట్టి “ఆంటీ, ల్యాప్‌టాప్ ఉంది, జర తడవకుండా చూడండి” అన్నది. దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాను. దిగేటప్పుడు థ్యాంక్స్ చెప్పింది. ఒడి ఖాళీ అయింది.

ఒక్కటి అడుగుతాను. ఆదివారం ఫోన్లో వర్షితతో ఇంకొంచెం ఎక్కువ మాట్లాడించు. ఏం కూర వండావో, ఎన్ని గొర్రెలు ఈనాయో, ఇంటికి ఎవరు వచ్చారో అదే చెప్పాలి. నువ్వు పక్కనుంచి అందించకు. వీడియో పెట్టమని తేజస్విని అంటుంది కానీ వద్దు. గొంతు వింటే చాలు నాకు.

వసంత

*

మన ఊరు
3 ఆగస్టు 2025

వసంతకు అక్క దీవెనలు.

నువ్వు చెప్పినట్టే ముట్టుకోలేదు. దానంతట అది వస్తుందని చూస్తున్నాం. వచ్చేది రాలేదు, ఉన్నది పోతున్నది. చెబుతా విను.

బడిలో నోరు తెరిచి నెల దాటింది. కొత్తగా ఇంట్లో కూడా మొదలుపెట్టింది. ర ఉన్న మాట వస్తే తప్పించుకుంటుంది. వంకాయ వండినా టమాట వండినా “పప్పు వెయ్యి పెద్దమ్మా” అంటుంది, కూర అనదు. గొర్రెను ‘అది’ అంటుంది. రవీందర్ మామ వచ్చిపోయాడా అంటే తల ఊపుతుంది. ఏడేళ్ళ పిల్ల, రోజంతా మాటలను ఏరుకుని ఏరుకుని మాట్లాడుతుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. చూస్తే నాకే అలసటొస్తుంది.

నీతో ఫోన్లో మాత్రం కూల, గొల్లె అని అన్నీ అంటుంది. నీ దగ్గర భయం లేదు దానికి. అందుకే ఒక మాట అనుకున్నాం. మీ బావ దాన్ని తీసుకుని బస్సెక్కి వస్తాడు. మీ మేడం ఒక్కసారి చూడనీ. ఎనిమిదేళ్ళు అన్నది నోటిమాట, పిల్లను చూస్తే వేరే ఏమన్నా చెబుతుందేమో.

ఇంకొకటి. పిల్లను ఎప్పుడు తీసుకుపోతావు అని ఫోన్లో రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ సిగ్నల్ లేదన్నావు. మా ఇంట్లో ఉండటం నీకు నచ్చలేదో, మీ ఇంటికి తెచ్చుకోవడం నచ్చలేదో, ఏదో ఒకటి చెప్పు. ఏదైనా నేను ఏమనుకోను.

కనకమ్మ

(చిన్నమ్మా, ఏమనుకోను అన్నది కానీ అనుకుంటున్నది. తేజస్విని)

*

నానక్‌రామ్‌గూడ
10 ఆగస్టు 2025

అక్కా,

వర్షిత మీకు బరువైతే సూటిగా చెప్పొచ్చు. బావ బస్సెక్కి తీసుకొస్తాడని తిప్పి తిప్పి రాయనక్కరలేదు. తేజస్వినికి ఈ ఏడు పదో తరగతి పరీక్షలు, నీకు మంద పని, నాకు తెలుసు. లేక దాన్ని నీ బిడ్డగానే ఉంచుకోవాలని ఉంటే అది కూడా చెప్పు. ఒకరిని దేవుడు తీసుకుపోయాడు, ఇంకొకరు ఎక్కడున్నా బతికుంటే చాలు నాకు.

మేడంకు ఈ నెలంతా ఖాళీ లేదు. తీసుకురావద్దు.

వసంత

*

మన ఊరు
31 ఆగస్టు 2025

వసంతా,

నీ ఉత్తరం చదివి ఇరవై రోజులు జవాబు రాయించలేదు. నోటికి మంచి మాట వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. రాలేదు. ఇక ఉన్నదే రాయిస్తున్నాను.

బరువా? అది నా పక్కలో పడుకుంటుంది. నిద్రలో నా చెవి పట్టుకుంటుంది. నా పిల్లను నువ్వు బరువన్నావు, నేను అనలేదు. నీ పిల్లను గుంజుకుంటానన్నావు, అది కూడా నువ్వే. సాయి పోయిన నొప్పిలో అన్నావని మీ బావ అంటాడు. నాకూ ఉంది నొప్పి. వాడికి తొలిసారి తలంటు పోసింది నేను.

సరే. మొన్న గురువారం బడికి డాక్టరమ్మ వచ్చి పిల్లలందరినీ చూసింది. వర్షిత నోరు తెరిపించి, నాలుక పైకి కిందికి ఆడించి చూసింది. “నాలుకకు ఏం కాలేదు, ఏడేళ్ళు వచ్చాయి, ఇప్పుడే నేర్పించాలి. ఎనిమిది దాకా ఆగమన్నది ఎవరమ్మా” అన్నది. నేను గొప్పగా “గచ్చిబౌలిల పెద్ద మేడం” అన్నాను. ఆమె నా దిక్కు జాలిగా చూసింది. అందరి ముందర.

ఇంటికి వచ్చాక తేజస్విని నీ మొదటి ఉత్తరం తీసి చదివింది. ఆరేళ్ళ బాబు, లైలు అంటాడు, అద్దం నువ్వే పట్టుకుంటావు. ఆరేళ్ళ వాడికి రాని నత్తి ఏడేళ్ళ మన పిల్లకు ఎలా వస్తుంది వసంతా?

నాకు అబద్ధం ఎందుకు రాశావు? అక్కడ ఎవరన్నా ఏమన్నా అన్నారా? ఊడ్చే మనిషి బిడ్డను ఆ కుర్చీలో కూర్చోబెట్టం అన్నారా? అట్లయితే చెప్పు. నేను వచ్చి మాట్లాడతా. తెనాలి అయితే ఏంది, ఇంకెక్కడైతే ఏంది. లేక అడగడానికి నీకే సిగ్గయిందా? సిగ్గు అయితే కూడా చెప్పు, తిట్టను.

ఈసారి నిజం రాయి. అబద్ధమైతే స్టాంపు దండగ.

కనకమ్మ

*

నానక్‌రామ్‌గూడ
12 సెప్టెంబర్ 2025

అక్కా,

ఎవరూ ఏమీ అనలేదు. సిగ్గు కాదు. మేడంను నేను అడగనే లేదు. ఎనిమిదేళ్ళు అన్నదీ, నత్తి అన్నదీ నేనే. వంటింట్లో పీట మీద కూర్చుని రాసిన అబద్ధం.

సాయికి కూడా ర వచ్చేది కాదు కదా. అప్పుడు నాకు ఆఫీసులో హౌస్‌కీపింగ్. పన్నెండు అంతస్తుల బాత్రూములు కడిగి వచ్చేదాన్ని. గదికి వచ్చేసరికి గడపలో నిలబడి “అమ్మా, ఇయ్యాల కూల ఏంది?” అనేవాడు. పొద్దంతా ఎన్ని తిట్లు తిన్నా, ఆ ఒక్క మాటకు నవ్వొచ్చేది. తొమ్మిదేళ్ళు వచ్చినా వాడు అలాగే అంటుంటే బడిలో టీచర్ చెప్పింది కూడా, ఎక్కడన్నా చూపించమని. పెద్దయితే పోతుందిలే అన్నాను.

వర్షితది అదే గొంతు. ఫోన్లో “అమ్మా, పెద్దమ్మ కూల వండింది” అంటే కళ్ళు మూసుకుంటాను. మొఖం కనబడదు కదా. వాడే. అందుకే వీడియో వద్దన్నాను. అందుకే కూర గురించీ గొర్రెల గురించీ అడిగి అడిగి చెప్పించుకున్నాను. దాన్ని ఇంటికి తెచ్చుకుంటే ఎదురుగా చూస్తాను, అప్పుడు అది వర్షితే అవుతుంది. ఇక దాని నోటికి ర వచ్చిందంటే ఫోన్లో కూడా వాడు ఉండడు. ఈ సెంటర్‌లో ఆ పిల్లలంతా ల ల అంటుంటే పొద్దు తెలియదని రాశాను చూడు, అదీ ఇదే.

అది బియ్యంలో రాళ్ళు ఏరినట్టు మాటలు ఏరుతుందని నువ్వు రాసినప్పుడే చెప్పాల్సింది. ఆ రోజు నాకు నా మీదే రోషం వచ్చి నిన్ను తిట్టాను. కాళ్ళు మొక్కుతా, మనసులో పెట్టుకోకు.

నిన్నటికి సాయి పోయి ఏడాది. చిన్నపిల్లలకు ఏడాది చెయ్యరని పెద్దలు అన్నారు కదా, డ్యూటీకి పోయాను. నిన్న ఆ ఆరేళ్ళ బాబు రైలు అన్నాడు. మొదట మెల్లగా, తర్వాత కేకలు పెడుతూ. వాళ్ళ నాయనమ్మ లోపలికి పరుగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకుని తిప్పింది, అమ్మ పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఎప్పుడూ మాట్లాడుకోని అత్తాకోడళ్ళు ఇద్దరూ కలిసి నాకు పాలకోవా తెచ్చి పెట్టారు. అది నోట్లో పెట్టుకున్నాక అనిపించింది. నా బిడ్డ కోసం ఇలా సంతోషపడే రోజు రాకూడదని రెండు నెలల నుంచి చేస్తున్నది నేను. నవ్విన పిల్లల కంటే నేనే దాన్ని ఎక్కువ మూగదాన్ని చేశాను.

మేడం దగ్గరికి పోయి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. నా చేతిలో చీపురు తీసి గోడకు పెట్టి, “ఏడేళ్ళంటే ఇదే వయసండీ వసంత గారూ. సెలవులకు తీసుకురండి. ఎవరైనా రాని రోజు ఆ అరగంట మీ పాపదే” అన్నది.

అంతదాకా తేజస్వినిని ఇలా మొదలుపెట్టమను. అద్దం ముందు కూర్చోబెట్టాలి, ఇద్దరి మొఖాలూ కనబడాలి. పైపళ్ళ వెనక గరుకుగా ఉంటుంది చూడు, అక్కడ చిటికెన వేలితో తేనె చుక్క పెట్టాలి. నాలుక కొనతో దాన్ని నాకమనాలి, దవడ కదలకుండా. ల అన్నప్పుడు నాలుక అక్కడ అతుక్కుపోతుంది, పక్కల నుంచి గాలి పోతుంది. ర అంటే ఒక్కసారి తట్టి దిగిపోవాలి. ముందు ర అనమని అడగొద్దు. అడ అడ అడ అని మెల్లగా, తర్వాత బిరబిరా అనిపించాలి. అలా అనగా అనగా నాలుక తేలికవుతుంది. పది నిమిషాల కంటే ఎక్కువ వద్దు. రాకపోతే తప్పు అనొద్దు, మళ్ళీ అనాలి. మేడం ఎప్పుడూ తప్పు అనదు.

ఇది మాత్రం నిజం అక్కా. కళ్ళతో చూసింది.

వసంత

*

మన ఊరు
17 సెప్టెంబర్ 2025

చిన్నమ్మా, ఈసారి బాపు చెబుతానన్నాడు. “నేను మాట్లాడినట్టే రాయి, నీ బడి భాష పెట్టకు” అన్నాడు. అలాగే రాస్తున్నాను. తేజస్విని.

వసంతా, నేను ఐలయ్యను. ఉత్తరాలు రాసేటి మనిషిని కాదు, నీకు తెలుసు. ఒకటి కడుపుల పెట్టుకొని తిరుగుతున్న. చెప్పాలె.

పోయినేడు ఎండకాలం సాయిగాడు మా తాన ఇరవై రోజులున్నడు గదా. రోజు నా ఎంబడి మందకొచ్చేటోడు. గొర్లను మలపాలంటే మేము నాలుక ఆడిచ్చి ట్ర్ర్ర్ అంటం. వాడు ట్ల ట్ల అనేటోడు. ఒక్క గొర్రె గూడ వాని దిక్కు చూడకపోయేది. “పెద్దబాపూ, ఇవి నన్ను లెక్క చేస్తలేవు” అని గుస్సా అయ్యిండు. నేను అన్న, “నీ భాష వాటికి సమజ్ అయితలేదురా, జర గట్టిగ తిప్పు నాలుక” అని. నాల్గు రోజులు ఒకటే కొట్లాట వాడు, ఉమ్మంత మీద పడంగ. ఐదో రోజు వచ్చింది. ముసలి గొర్రె ఒకటి గడ్డి ఇడిచిపెట్టి తల తిప్పింది. ఇగ చూడు, ఆ రోజు పొద్దుగూకేదాక గొర్రె, కర్ర, బుర్ర అని ఒర్రుడే ఒర్రుడు. నా చెవులు పోయినయి.

అవు వసంతా. వానికి ర వచ్చింది.

నువ్వు తోల్కపోను వచ్చిన రోజు, బస్సు కాడ నిలబడ్డం. నువ్వు ఇంక దిగలే. వాడు నా చెయ్యి గుంజి అన్నడు, “పెద్దబాపూ, అమ్మకు చెప్పకు. నేను కూల అంటె అమ్మ నవ్వుతది. డ్యూటీకెళ్ళి వచ్చినంక గప్పుడొక్కసారే నవ్వుతది.” నువ్వు దిగినవు. వాడు ఉరికి “అమ్మా, గొల్లెలు సూడు” అన్నడు. నాకు నవ్వాగక అటు దిక్కు మొఖం తిప్పుకున్న.

నాలుగు నెలలకు వాడు పోయిండు. చెప్దామనుకున్న. చెప్తే వాడు నీకిచ్చింది నేను గుంజుకున్నట్టయితదని ఊకున్న. మీ అక్కకు గూడ చెప్పలే. ఇప్పుడు చెప్పకుంటె ఈ పిల్ల నోట్లది గుంజుకున్నట్టయితది.

వానికి రాక అనలే బిడ్డా. నీ కోసం అన్నడు.

వర్షితను గూడ మందల తిప్పి చూసిన. అది గొర్లను చూస్తె నా ఎనుక దాక్కుంటది. దానికి మీ అద్దమే మంచిది. ఇరవై ఒకటి నాడు సెలవులు, తోల్కొస్త.

(చిన్నమ్మా, అమ్మ ఇది వింటూ బాపును కొట్టినంత పని చేసింది, ఏడాది దాచినందుకు. నీ మీద కోపం సగం పోయిందని రాయమంది.)

*

నానక్‌రామ్‌గూడ
5 అక్టోబర్ 2025

అక్కకు, బావకు,

బావ వర్షితను దింపి వెంటనే బస్సెక్కాడు. నా మొఖం చూడలేకపోయాడు. కోపం లేదని చెప్పు. అబద్ధం ఎందుకు, మొదట వచ్చింది. ఏడాది ఎలా దాచాడు అని బావ మీద వచ్చింది. తర్వాత సాయి మీద వచ్చింది. పోయిన పిల్లవాడి మీద కోపం వస్తుందా ఎవరికన్నా? నాకు వచ్చింది. నాలుగు నెలలు నా ముందర వేషం వేశావా అని. ఆయనకు చదివి వినిపిస్తే టోపీ చేతిలో తిప్పుకుంటూ, “నీకే కాదే, నాక్కూడా చెప్పలేదు దొంగ నాకొడుకు” అని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. ఈసారి నేనూ నవ్వాను.

తర్వాత ఆ సాయంత్రాలన్నీ మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాను. వాడు గడపలో నిలబడి ముందు నా మొఖం చూసేవాడు. చూసి, అప్పుడు అనేవాడు. వాడికి నోరు తిరగడం లేదనుకున్నాను నేను. వాడు నన్ను నవ్వించే పని పెట్టుకున్నాడు.

వర్షిత సంగతి. సెలవుల్లో ఆరు అరగంటలు దొరికాయి. తేజస్విని అడ అడ చేయించడం మంచిదయింది, మేడం మెచ్చుకుంది. అద్దం నేనే పట్టుకున్నాను. నేను అద్దం సంగతి మరిచి దాని నోరే చూస్తుంటే మేడం, అద్దాన్ని డబ్బాకు ఆనించి “మీరు పక్కన కూర్చోండి” అన్నది. తేనె కోసం దాని నాలుక ఎక్కడికైనా పోతుంది. ఐదోసారికి అర, ఆరోసారికి చీర, కూర అన్నది. మాట మధ్యలో వచ్చే ర ముందు వస్తుందంట, మొదట్లో వచ్చే ‘ర’కు ఇంకా నెలలు పడతాయంట. దాన్ని ఇక్కడి బడిలోనే వేస్తాం. నువ్వు ఏడవకు, నెలకొకసారి తెస్తాను.

అసలు చెప్పాలనుకున్నది ఇది. సెంటర్‌లో చక్కగా కూర అన్న పిల్ల ఇంటికి రాగానే “అమ్మా, కూల” అంటుంది. రెండు రోజులు మరిచిపోయిందనుకున్నాను. నిన్న బెండకాయ వేస్తూ దాని దిక్కే చూశాను. నోరు తెరిచింది. ఆగింది. నా మొఖం చూసింది. చూసి, అప్పుడు కూల అన్నది.

గొంతు కాదక్కా. ఆ చూపు. సాయి నా మొఖంలోకి చూసిన చూపు అదే అయి ఉంటుంది. వాడప్పుడు చూస్తుంటే నేను చూసుకోలేదు.

గంటె పక్కన పెట్టి దాని ముందర కూర్చున్నాను. “బిడ్డా, మేడం దగ్గర ఎట్ల అన్నవు?” అన్నాను.

తల వంచుకుంది.

“నాకోసం అట్ల అనకు. నీకు వచ్చినట్టే అను.”

“నువ్వు ఏడుస్తవు,” అన్నది.

“ఏడుస్తనని ఎవరు చెప్పిండ్రు?”

“ఫోన్ల నేను అట్ల అంటె నువ్వు మంచిగ మాట్లాడుతుంటివి. వేరే ముచ్చట చెప్తె ఊకుంటుంటివి.”

ఏడేళ్ళ పిల్ల. అన్నీ లెక్క పెట్టుకుంది. లేదు, ఏడవను అనబోయి, ఇక దీనికి కూడా అబద్ధం వద్దనుకున్నాను.

“ఏడుస్త కావచ్చు,” అన్నాను. “నేను ఏడిస్తే నువ్వు మాట ఆపకు. చెప్పేది చెప్తనే ఉండు.”

పళ్ళెం ముందుకు జరుపుకుంది. నాలుక కొన పైపళ్ళ వెనక వెతుక్కోవడం నాకు కనబడింది. తర్వాత “అమ్మా, కూర వెయ్యి” అన్నది. కొంచెం గట్టిగానే అన్నది, దులిపేసినట్టు.

వేశాను. కళ్ళ నీళ్ళు ఆగలేదు. అది ముద్ద చేతిలో పట్టుకుని నన్ను ఓరగా చూసింది. ఇక ఆపుతుందేమో అనుకున్నాను. ఆపలేదు. పెద్దబాపు బస్సులో నిద్రపోయి ఎవరి భుజం మీదనో పడ్డాడని, ఆయన లేపితే “గొర్లు మర్లినయా” అన్నాడని, బస్సంతా నవ్విందని మొదలుపెట్టింది. సగం మాటల్లో ర వచ్చింది, సగంలో ల వచ్చింది. తప్పిన చోట తనే ఆగి మళ్ళీ అని ముందుకు పోయింది. నేను ఏడుస్తూ వింటున్నాను, అది చెబుతూ తింటున్నది. పళ్ళెం ఖాళీ అయినా ముచ్చట అయిపోలేదు.

మీ
వసంత